స్వరాజ్ ద్వీప్‌కు మా అంతట మేమే: హనుమకొండ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ల ప్రయాణం

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు ప్యాకేజీ లేకుండా సొంతంగా వెళ్లవచ్చా అని మా ఆసుపత్రిలోనే ఇప్పటికి పది మంది అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నిక్షేపంగా వెళ్లవచ్చు. విమానం, గది, తిండి పెద్ద సమస్యలు కావు. ప్రయాణమంతా ఓడ మీద ఆధారపడి ఉంటుంది. ఏ రోజు, ఏ వేళకు, ఏ ఓడ అన్నది ముందు తేల్చుకుంటే మిగిలినవన్నీ దాని చుట్టూ వాటంతట అవే కుదురుతాయి. అందుకే ఇది ముఖ్యంగా ఓడల గురించిన సమీక్ష.

నేను హనుమకొండలో స్టాఫ్ నర్సును. వయసు 52. మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. బావగారు పోయాక నాలుగేళ్లుగా ఊరు దాటి కదలలేదు. లక్నవరం తీగల వంతెన మీద నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని నడిచిన మనిషి ఆమె. అటువంటి అక్కను సముద్రం మీద రెండు గంటలు కూర్చోబెట్టడం ఎలాగా అన్నదే నా మొదటి బెంగ. 2025 ఫిబ్రవరిలో తొమ్మిది రోజుల సెలవు దొరికింది. నైట్ డ్యూటీలు ముందే చేసి కూడబెట్టుకున్న సెలవు అది.

మొదట మా ఊళ్లోనే ఒక టూర్ ఆఫీసుకు వెళ్లాను. విమానం ఖర్చు కాకుండా మనిషికి 27 వేల రూపాయలు అన్నారు. డబ్బు సంగతి అటుంచండి, వాళ్లు ఇచ్చిన కాగితం చూస్తే నాకు మనసు రాలేదు. స్వరాజ్ ద్వీప్‌లో ఒక్క రాత్రే బస. పొద్దున ఓడ, మధ్యాహ్నం ఒక బీచ్, మర్నాడు ఉదయం ఇంకో బీచ్, మధ్యాహ్నం మళ్లీ ఓడ. అంత దూరం పోయి గడియారం చూసుకుంటూ పరుగెత్తడానికి నాకు ఆసుపత్రి చాలు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ముందుగా పేర్ల గొడవ తీర్చుకోవాలి. ఎందుకంటే టికెట్లు వెతికేటప్పుడు అందరూ తికమకపడేది అక్కడే. హావ్‌లాక్ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. కొన్నిచోట్ల పాత పేరు, కొన్నిచోట్ల కొత్త పేరు కనిపిస్తుంది. రెండూ ఒకటే అని తెలిస్తే చాలు. ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ హావ్‌లాక్ అనే అంటారు. మన దేశ పౌరులకు ఈ దీవికి ప్రత్యేక అనుమతి ఏమీ అక్కర్లేదు. ఓడ ఎక్కేటప్పుడు ఆధార్ వంటి ఫొటో గుర్తింపు కార్డు అసలుది చూపించాలి.

శంషాబాద్ నుంచి శ్రీ విజయపురానికి నేరుగా విమానాలున్నాయి. మేము మాత్రం వెళ్లేటప్పుడు చెన్నై మీదుగా వెళ్లాం. వరంగల్ స్టేషన్‌లో రాత్రి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారాక చెన్నై సెంట్రల్. అక్కడి నుంచి విమానాశ్రయం దాకా నేరుగా మెట్రో రైలు ఉంది. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మాకు ఈ దారి రెండు విధాలా కలిసివచ్చింది. మేము వెతికిన రోజున చెన్నై నుంచి టికెట్ ధర తక్కువగా ఉంది. పైగా హనుమకొండ నుంచి ఉప్పల్, ఉప్పల్ నుంచి శంషాబాద్ అని అర్ధరాత్రి బస్సులు మారడం కంటే రైల్లో నడుం వాల్చి పడుకోవడం అక్కకు సుఖం. వచ్చేటప్పుడు మాత్రం నేరుగా శంషాబాద్‌కే వచ్చాం. అలసిపోయి ఉన్నప్పుడు ఆ సౌకర్యానికి ఎక్కువ పెట్టినా తప్పులేదు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ప్రయాణికుల ఓడలు కూడా నడుస్తాయి. మూడు రోజుల ప్రయాణం. సెలవు లెక్కపెట్టుకునే మా వంటి వాళ్లకు అది కుదరదు.

శ్రీ విజయపురంలో దిగగానే నాకు సగం భయం పోయింది. విమానాశ్రయం బయట ఆటో మాట్లాడుకుంటూ అక్కతో తెలుగులో "ఎక్కువ అడుగుతున్నాడేమో" అన్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఎక్కువేమీ కాదమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు. వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే. హిందీ వచ్చినా రాకపోయినా మాట కోసం ఇబ్బంది పడాల్సిన పని లేదు.

ఇక ఓడల సంగతి. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు రెండు రకాల ఓడలు నడుస్తాయి. ఒకటి, అండమాన్ పాలనా యంత్రాంగం నడిపే ప్రభుత్వ ఓడ. ఫీనిక్స్ బే జెట్టీ (ఓడ ఎక్కే రేవు) నుంచి బయలుదేరుతుంది. దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. రెండోది, ప్రైవేటు కంపెనీల వేగపు ఓడలు. ఇవి హాడో వైపు జెట్టీ నుంచి బయలుదేరి గంటన్నరలో చేరుస్తాయి. రెండు జెట్టీలూ వేరువేరని గుర్తుపెట్టుకోండి. మా పక్క గదిలోని కుటుంబం ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్లి, ఆటోలో ఉరుకులు పరుగుల మీద చివరి నిమిషంలో చేరారు.

ప్రైవేటు ఓడ టికెట్ చాలా ముందుగానే ఇంట్లో కూర్చుని ఫోనులో కొనుక్కోవచ్చు. ప్రభుత్వ ఓడ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే విడుదలవుతాయి. అక్కడి నివాసులకు ఆ ఓడ మనకు ఆర్టీసీ బస్సు ఉన్నట్టు. ఆసుపత్రికి, కాలేజీకి, బజారుకు అందులోనే తిరగాలి. స్థానికుల గుర్తింపు కార్డు ఉంటే వాళ్లకు ఛార్జీ తక్కువ. అది న్యాయమే. కాబట్టి మన టికెట్ దొరుకుతుందన్న హామీ లేదు. నేను వేసిన పథకం ఇది: మొదటి రెండు రాత్రులు శ్రీ విజయపురంలోనే ఉండి వెళ్లేందుకు ప్రభుత్వ ఓడకు ప్రయత్నించడం, తిరుగు ప్రయాణానికి ప్రైవేటు ఓడ టికెట్ ముందే కొనిపెట్టుకోవడం. దిగిన రోజే కౌంటరుకు వెళ్లి వరుసలో నిలబడ్డాను. మేడారం జాతర బస్సుల కోసం నిలబడ్డ కాళ్లకు అదేమంత పని కాదు. రెండు రోజుల తర్వాతి ఉదయం ఓడకు రెండు టికెట్లు చేతికి వచ్చాయి. ప్రైవేటు టికెట్ ధరలో సగం కూడా కాలేదు.

మధ్యలో దొరికిన రోజును సెల్యులార్ జైలుకు ఇచ్చాం. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలులో దాదాపు ఏడు వందల గదులుండేవి. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోకి వెళ్లి నిలబడితే ఎత్తున ఉన్న చిన్న కిటికీ తప్ప ఇంకేమీ కనిపించదు. హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద 1857లో జరిగిన దాడికి నాయకత్వం వహించినవాళ్లలో ఒకరైన మౌల్వీ అల్లావుద్దీన్‌ను పంపింది ఈ దీవులకే, ఈ జైలు కట్టడానికి చాలా ముందే. మన నేల నుంచి ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్లని మనిషి. అక్క ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు.

ఓడ ఎక్కే రోజు ఉదయం అక్కకు ఇడ్లీ తప్ప ఇంకేమీ తిననివ్వలేదు. వాంతుల మాత్ర గంట ముందు వేయించాను. ఓడ కదిలాక, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం ఉండదు. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగనిదే ఆ మాత్ర వేసుకోవద్దు. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కవద్దు. ఓడ మధ్య భాగంలో ఊగుడు తక్కువ. ఫోను చూడకుండా దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చోవాలి.

ప్రభుత్వ ఓడలో నాకు నచ్చిన మొదటి విషయం, పైన తెరిచి ఉన్న డెక్కు మీదికి వెళ్లనిచ్చారు. లోపల సీట్లు పాతవే, ఫ్యాన్ల మోత ఉంది, బాత్రూమ్ ఒక మోస్తరు. అవన్నీ డెక్కు మీదికి రాగానే మరిచిపోయాను. కింద కూరగాయల బస్తాలు, ఒక కొత్త కుట్టుమిషను, తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు. పైన కాలేజీ పిల్లలు, చంటిబిడ్డతో ఒక తల్లి, మా పక్కన తెల్ల చీర కట్టుకున్న ఒక బెంగాలీ పెద్దావిడ. అక్క మొదటి పావుగంట కమ్మీని పట్టుకుని నా వైపే చూసింది. ఆ తర్వాత నీళ్ల మీద ఏదో తళుక్కుమని ఎగిరింది. వెంటనే పది, ఇరవై. వరి చేలో గట్టు మీద నడుస్తుంటే ముందు నుంచి మిడతలు లేచినట్టు, ఓడ ముందు నుంచి వెండి రేకుల్లాంటి చిన్న చేపలు లేచి, నీటికి జానెడు ఎత్తున సూటిగా జారిపోయి, అంత దూరాన మళ్లీ మునుగుతున్నాయి. రెక్కల వంటి వాజాలు విప్పి ఉన్నాయి. అక్క కమ్మీ వదిలేసి, "చెల్లీ, అవి చేపలా పిట్టలా?" అంటూ లేచి నిలబడింది. ఇక ఆ రెండు గంటలూ కూర్చోలేదు.

నేను సంచిలోంచి సకినాలు తీశాను. పక్కనున్న బెంగాలీ ఆవిడకూ పెట్టాను. ఆమె ఒకటి కొరికి, నువ్వులు గుర్తుపట్టి, తన సంచిలోంచి మాకు అరటిపళ్లు ఇచ్చింది. నాకు వచ్చిన హిందీ, ఆవిడకు వచ్చిన హిందీ కలిపితే ఒక సంభాషణ అయింది. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలను 1950ల్లో ఈ దీవిలో స్థిరపరిచారు. ఆవిడ అత్తగారి వాళ్లది అలాంటి కుటుంబమే. గోవిందనగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్, రాధానగర్ అన్న ఊళ్ల పేర్లు అప్పటివే. తీరాలకు నంబర్లు కూడా ఉన్నాయి. రాధానగర్ ఏడో నంబరు, విజయనగర్ ఐదు, గోవిందనగర్ మూడు. గది ఎక్కడ తీసుకోవాలో చూసుకునేటప్పుడు ఈ నంబర్లు బాగా అక్కరకు వస్తాయి. బజారు మూడో నంబరు దగ్గర ఉంటుంది.

జెట్టీ దగ్గర దిగాక ఆటోవాళ్లు చుట్టుముడతారు. తొందరపడవద్దు. జెట్టీ నుంచి రాధానగర్ దాకా బస్సు నడుస్తుంది, ఛార్జీ చాలా తక్కువ. చివరి బస్సు వేళ కండక్టరును అడిగి పెట్టుకోవాలి, లేకపోతే వచ్చేటప్పుడు ఆటోకు ఎంత అడిగితే అంత ఇవ్వాలి. స్కూటర్లు అద్దెకు దొరుకుతాయి, లైసెన్సు అసలుది ఉండాలి. నేను ఒకరోజు స్కూటర్ తీసుకుని అక్కను వెనక కూర్చోబెట్టుకుని కాలాపత్థర్ తీరం దాకా తిప్పాను. ఒకవైపు అడవి, ఒకవైపు ఆకుపచ్చ, నీలం కలిసిన నీళ్లు.

మేము ఐదో నంబరు తీరంలో వెదురు గదిలో మూడు రాత్రులు ఉన్నాం. రోజుకు 1,800 రూపాయలు. శుభ్రంగా ఉంది, దోమతెర ఉంది. ఈ తీరం గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. ఆటు వేళ సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. మధ్యాహ్నం చూస్తే నీళ్లు లేవు, నాచు పట్టిన రాళ్లు, పడవలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఇక్కడ ఈత కొట్టాలనుకునేవాళ్లు పోటు వేళలు అడిగి తెలుసుకోవాలి. మాకు మాత్రం ఆ వెనక్కి పోయిన సముద్రమే ఇష్టమైంది. రాళ్ల మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లలో గవ్వలు కదులుతున్నాయి. అక్క ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. కాసేపు ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంటే, గవ్వ అంచు నుంచి ఎర్రటి సన్నని కాలు ఒకటి బయటికి వచ్చి చర్మాన్ని తడిమింది. తర్వాత రెండు కళ్లు, ఆవగింజలంత. తర్వాత మొత్తం ఇల్లు మోసుకుంటూ అక్క చిటికెన వేలు దాకా నడిచింది. సన్యాసి పీత. ఖాళీ గవ్వ దొరికితే అందులో కాపురం పెడుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకో పెద్ద గవ్వ వెతుక్కుంటుంది. మనం అందమైన గవ్వ ఏరుకున్నామంటే అది ఇల్లు వెతుక్కునే చోట ఒక ఇల్లు తగ్గించినట్టే. గవ్వలు, పగడపు ముక్కలు దీవి నుంచి పట్టుకుపోవడం నేరం కూడా. విమానాశ్రయంలో సంచులు స్కాన్ చేసినప్పుడు ఒకాయన సంచిలోంచి గుప్పెడు పగడపు ముక్కలు బయట పెట్టించడం మేము కళ్లారా చూశాం.

రాధానగర్ తీరానికి మాత్రం రెండు సాయంత్రాలు కేటాయించండి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీని గురించే. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా 2020లో వచ్చింది. పేరుకు తగ్గట్టే ఉంది. పిండిలాంటి ఇసుక, వెనక తాటిచెట్లను మించిన ఎత్తున అడవి చెట్లు, బట్టలు మార్చుకునే గదులు, ఈలలు ఊదే లైఫ్‌గార్డులు. ఒక్క హెచ్చరిక. ఇక్కడ గడియారం మనదే అయినా సూర్యుడు వేరు. మన వరంగల్ కంటే దాదాపు యాభై నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. ఫిబ్రవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోయాడు. ఐదింటికి తీరిగ్గా బయలుదేరితే చీకట్లో ఇసుక చూసి రావాలి. నాలుగింటికల్లా అక్కడ ఉండండి. తీరం కొసన ఉన్న నీల్స్ కోవ్ వైపు మొసళ్ల హెచ్చరిక బోర్డులున్నాయి. ఉప్పునీటి మొసళ్లు ఆ దీవుల్లో నిజంగానే ఉన్నాయి, 2010లో ఆ తీరంలో ఒక పర్యాటకురాలు చనిపోయింది కూడా. బోర్డు పక్కన ఫొటో దిగి లోపలికి నడిచే పిల్లలను చూసి నాకు కోపం వచ్చింది, వెళ్లి చెప్పాను కూడా.

స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో సముద్రం లోపలికి దిగడం) మేము చేయలేదు. చేసేవాళ్లకు నర్సుగా ఒక మాట: డైవింగ్ చేసిన తర్వాత కనీసం ఒక రోజు గడవనిదే విమానం ఎక్కవద్దు. రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. దీవిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద జబ్బయితే శ్రీ విజయపురంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రికి పోవాల్సిందే. కాబట్టి బీపీ, షుగర్ మందులు లెక్కకు నాలుగు రోజులు ఎక్కువే తీసుకెళ్లండి. నగదు కూడా అంతే. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఫోన్లు బాగుపడ్డాయని అక్కడివాళ్లు అన్నారు. అయినా మా వెదురు గదిలో నా సిమ్‌కు సిగ్నల్ వచ్చేది కాదు.

ఆ సిగ్నల్ లేకపోవడమే తిరుగు ప్రయాణంలో మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. ప్రైవేటు ఓడ మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరాలి. జెట్టీకి చేరాక తెలిసింది, వేళ నాలుగున్నరకు మార్చారని. రాత్రే మెసేజ్ పంపామన్నారు. గదిలో సిగ్నల్ లేని ఫోనుకు ఆ మెసేజ్ ఎలా అందుతుంది? బుక్ చేసినప్పుడు గది చిరునామా, ఫోను నంబరు అన్నీ అడిగి తీసుకున్నవాళ్లు ఒక్క కాల్ చేయలేకపోయారా? నీడ కోసం వెతుక్కుంటూ రెండున్నర గంటలు సంచుల మీద కూర్చున్నాం. మాతోపాటు కూర్చున్న ఒక కొత్త జంట ఆ సాయంత్రం సెల్యులార్ జైలులో కాంతి, ధ్వని ప్రదర్శనకు కొన్న టికెట్లు వృథా అయ్యాయి. ఓడ ఎక్కాక కూడా నాకు సంతోషం లేదు. సీటు మెత్తగా ఉంది, ఏసీ చల్లగా ఉంది, గంటన్నరలో చేర్చారు, అన్నీ నిజమే. కానీ డెక్కు మీదికి వెళ్లనివ్వలేదు. ఉప్పు మరకల అద్దాల వెనక కూర్చుని, టీవీలో పాటలు వింటూ, ఆ సముద్రాన్నే చూడకుండా వచ్చాం. వెళ్లేటప్పుడు రెండు గంటలు నిలబడే ఉన్న అక్క, వచ్చేటప్పుడు మొదటిసారి వాంతి కవరు అడిగింది.

మా విమానం మర్నాడు మధ్యాహ్నం. అందువల్ల ఓడ ఆలస్యం మాకు విసుగుతో సరిపోయింది. ఇది మాత్రం ఎవరూ తప్పించవద్దు: విమానం ఎక్కే ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే పడుకోవాలి. గాలివాన వస్తే ఓడలు ఆగిపోతాయి, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా. మే నుంచి వానాకాలంలో ఆ భయం ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా ఉంటుంది.

ఖర్చు లెక్క అడిగేవాళ్లకు: రైలు, విమానం కాకుండా ఇద్దరికీ కలిపి ఆరు రాత్రులకు 22 వేల రూపాయల లోపే అయింది. అంటే ప్యాకేజీలో ఒక్క మనిషికి అడిగిన దానికంటే తక్కువ. జెట్టీ దగ్గర చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, చేపల కూర రుచిగా పెడతారు. మన నోటికి కారం చాలదు, పచ్చడి సీసా ఒకటి సంచిలో ఉంటే మంచిది. మా మామిడికాయ పచ్చడి మూడో రోజుకే అయిపోయింది.

మార్కులు వేయమంటే ప్రభుత్వ ఓడకు ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర తగ్గించింది బాత్రూమ్‌కు. మా ప్రైవేటు ఓడకు రెండు. ఐదో నంబరు తీరంలోని గదికి నాలుగు. మళ్లీ వెళ్తే వచ్చేటప్పుడు కూడా ప్రభుత్వ ఓడకే ప్రయత్నిస్తాను. ఆ రోజుకు టికెట్ దొరకకపోతే ఇంకో రోజు దీవిలో ఉంటాం. అక్క ఇప్పటికే ఆ అదనపు రోజును లెక్కలో వేసింది.